రోదసిలో నేల కూడా ఉంది

మన పత్రికల తెలుగులో అంతరిక్షానికి 'రోదసి' అన్న మాట చాలాకాలంగా వాడుకలో ఉంది. రోదసీ నౌక, రోదసీ యాత్ర, రోదసీ యాత్రికుడు. వినసొంపైన మాట. అయితే నిఘంటువు తెరిస్తే దానికి కనబడే అర్థం ఒక్క ఆకాశం కాదు, 'భూమ్యాకాశములు'. సంస్కృతంలో అది ద్వివచనం. నింగి, నేల, రెండూ కలిస్తేనే రోదసి. వాడుకలో అర్థాలు మారడం భాషకు సహజమే కనుక ఆ మాట వాడినవారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కానీ మనం పిల్లలకు మానవ అంతరిక్షయానాన్ని గురించి చెబుతున్న తీరు చూస్తే, ఆ మాటలోంచి నేలను తీసిపారేసినట్టే, చరిత్రలోంచి కూడా తీసిపారేశామనిపిస్తుంది. ఈ టపా దాని గురించే.

ఏ జనరల్ నాలెడ్జి పుస్తకమైనా తీసుకోండి. అంతరిక్షంలోకి వెళ్ళిన మొదటి మానవుడు యూరీ గగారిన్, 1961. మొదటి మహిళ వాలెంతీనా తెరిష్కోవా, 1963. అంతరిక్షంలో నడిచిన మొదటివాడు అలెక్సీ లియొనోవ్, 1965. చంద్రుడిపై కాలుమోపిన మొదటివాడు నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్, 1969. మొదటి భారతీయుడు రాకేశ్ శర్మ, 1984. ఇప్పుడు దాని కింద శుభాంశు శుక్లా, 2025 అన్న వరుస కూడా చేరింది. అయిదారు వరుసలతో మానవజాతి చేసిన అత్యంత సాహసిక ప్రయత్నం ముగిసిపోయింది. నాలుగో తరగతి పిల్లవాడు గుక్కతిప్పుకోకుండా అప్పజెబుతాడు. పెద్దలం చప్పట్లు కొడతాం.

ఆ పిల్లవాణ్ణి ఒక్క ప్రశ్న అడిగి చూడండి: "సరే, గగారిన్ పైకి వెళ్ళాడు. మరి కిందికెలా వచ్చాడు?" మౌనమే సమాధానం. అది పిల్లవాడి లోపం కాదు. కిందికి రావడం అనేది ఉంటుందని మనం వాడికి చెప్పలేదు. బిట్టు ప్రశ్నకు ఒక పేరు, ఒక సంవత్సరం చాలు. మనిషి తిరిగి నేలకు చేరడం బిట్టులో ఇమడదు.

'మొదటివాడెవరు' అన్న ప్రశ్నతో మొదలుపెట్టి దానితోనే ముగించే ఈ బోధన అసంపూర్ణం మాత్రమే కాదు, హానికరం కూడా అని నా వాదన. ఎందుకో వివరంగా చెబుతాను.

ముందు గగారిన్ సంగతే చూద్దాం. స్మొలెన్స్క్ ప్రాంతంలో ఒక పల్లెటూరి వడ్రంగి కొడుకు. యుద్ధకాలంలో నాజీ సైన్యం వాళ్ళ ఇల్లు ఆక్రమించుకుంటే కుటుంబమంతా నేలలో తవ్వుకున్న గోతిగుడిసెలో తలదాచుకుంది. తరువాత లోహాలు పోతపోసే పని నేర్చుకున్నాడు. సరాతోవ్‌లో చదువుకుంటూ అక్కడి ఫ్లయింగ్ క్లబ్బులో విమానం నడపడం నేర్చాడు. 1961 ఏప్రిల్ 12న ఆయన వయసు 27 ఏళ్ళు. కూర్చున్నది 2.3 మీటర్ల వ్యాసం గల ఒక గోళంలో. భారరహిత స్థితిలో మనిషి మతి చలిస్తుందేమోనని అప్పటి వైద్యులకు భయం. అందుచేత నౌకను చేతితో నడిపే మీటలకు తాళం వేసి, దాన్ని తీసే అంకెలను ఒక కవరులో పెట్టి ఉంచారు. మతి స్థిమితంగా ఉన్నవాడే ఆ కవరు విప్పి అంకెలు నొక్కగలడని తర్కం. కానీ ప్రయాణానికి ముందే, ఆయనపై నమ్మకమున్నవాళ్ళు ఆ అంకెలను ఆయన చెవిన వేశారు. 1, 2, 5. ఈ ఒక్క సంగతి చెప్పి చూడండి, ఏ పిల్లవాడైనా పుస్తకం మూసేస్తాడేమో!

భూమిని ఒకసారి చుట్టి తిరిగివచ్చే సమయంలో, విడిపోవలసిన యంత్రభాగం తీగలు తెగక, నౌకను పట్టుకుని కొన్ని నిమిషాలపాటు వేలాడింది. నౌక గిరగిరా తిరిగింది. చివరకు ఆ తీగలు తెగాయి. సుమారు 7 కిలోమీటర్ల ఎత్తులో గగారిన్ కుర్చీతో సహా బయటకు విసిరివేయబడి, తన పారాచూట్‌తో విడిగా దిగాడు. దిగింది ఎక్కడనుకున్నారు? తాను విమానం నడపడం నేర్చుకున్న ఆ సరాతోవ్ ప్రాంతంలోనే, ఒక పొలంలో. ఆయనను మొదట చూసింది అధ్యక్షులు, సేనానులు కాదు, పొలంలో పని చేసుకుంటున్న ఒక ముసలమ్మ, ఆమె మనవరాలు. నారింజరంగు దుస్తుల్లో తెల్ల శిరస్త్రాణంతో నడిచొస్తున్న ఆకారాన్ని చూసి ఇద్దరూ భయపడ్డారు. నేను మీ మనిషినేనని ఆయనే ధైర్యం చెప్పవలసివచ్చింది.

ఇప్పుడు అసలు చిక్కు. అప్పటి అంతర్జాతీయ వైమానిక సమాఖ్య నియమాల ప్రకారం రికార్డు దక్కాలంటే పైలట్ తన వాహనంతోపాటే దిగాలి. గగారిన్ అలా దిగలేదు. అందుచేత ఆయన నౌకలోనే దిగాడని సోవియట్ ప్రభుత్వం ఏళ్ళ తరబడి చెప్పింది. గగారిన్ కూడా ఆ మాటే చెప్పవలసివచ్చింది. ప్రయోగస్థలం పేరులోనూ ఇదే తంతు. 'బైకనూర్' అన్న పేరు నిజానికి అక్కడికి వందల కిలోమీటర్ల దూరంలోని మరో ఊరిది. అసలు స్థలం త్యూరతాం దగ్గర. ఇక ఆ రాకెట్టును నిర్మించిన సెర్గేయ్ కొరొలేవ్ పేరును 1966 జనవరిలో ఆయన చనిపోయేదాకా లోకానికి చెప్పలేదు. 1938లో అదే ప్రభుత్వం ఆయనను అరెస్టు చేసి కొలీమా శిబిరాలకు పంపింది. అదే ప్రభుత్వం తరువాత ఆయన చేతనే రాకెట్లు చేయించుకుంది. గగారిన్ కీర్తిలో ఊరేగుతుంటే ఆయన పేరులేని 'ప్రధాన రూపకర్త'గా మిగిలిపోయాడు.

ఇవన్నీ పిల్లలకు ఎందుకంటారా? ఈ అబద్ధాలన్నిటి మూలం మనం చెబుతున్న ఆ 'ప్రథముల పట్టిక'లోనే ఉంది గనుక. ఆ పట్టిక చరిత్రకారులు కూర్చున్నది కాదు. రెండు ప్రభుత్వాలు ఒకదానిపై ఒకటి గెలవడానికి పోటాపోటీగా రాసుకున్న పద్దు. మనం దాన్నే పాఠమనుకుని దించుకుంటున్నాం.

1964 అక్టోబరులో వస్ఖోద్-1 వెళ్ళింది. ముగ్గురు మనుషులతో ఎగిరిన మొదటి నౌక. బిట్టు రాసేవారికి అంతవరకే తెలుసు. ఒకరిద్దరికి మించి పట్టని గోళంలో ముగ్గుర్ని ఇరికించడానికి వాళ్ళ అంతరిక్ష దుస్తులు తీసేశారు, ప్రమాదం వస్తే బయటపడే కుర్చీలూ తీసేశారు. అమెరికావారి ఇద్దరు మనుషుల జెమినీ కన్నా ముందుండాలి, అంతే. ఆ ముగ్గురూ క్షేమంగా తిరిగిరావడం అదృష్టం. మరుసటి ఏడు, 1965 మార్చి 18న లియొనోవ్ శూన్యంలోకి వచ్చి సుమారు 12 నిమిషాలు గడిపాడు. ఆయన దుస్తులు బయట బెలూనులా ఉబ్బిపోయి తిరిగి లోపలికి పట్టలేదు. దుస్తుల్లోని గాలిని కొంత కొంతగా తానే వదిలేసుకుని, తల ముందు పెట్టి దూరవలసివచ్చింది. దిగేటప్పుడు స్వయంచాలక వ్యవస్థ పనిచేయక, ఇద్దరు వ్యోమగాములూ ఉరల్ ప్రాంతపు మంచు అడవిలో దిగి రెండు రాత్రులు అక్కడే గడిపారు.

ఆ అదృష్టం 1967 ఏప్రిల్‌లో తెగిపోయింది. సోయజ్ నౌక మనుషులు లేకుండా జరిపిన పరీక్షల్లోనే విఫలమవుతూ వచ్చింది. అయినా వ్లదీమిర్ కొమరోవ్‌ను ఎక్కించి పంపారు. పైకి చేరగానే సమస్యలు మొదలయ్యాయి. తిరిగొచ్చేటప్పుడు పారాచూట్ సరిగా విచ్చుకోలేదు. యాత్రలోనే ప్రాణం కోల్పోయిన మొదటి మానవుడు ఆయనే. ఇదీ ఒక 'మొదటి'యే కదా, మన పట్టికల్లో ఎందుకుండదు?

దాపరికం వల్ల నష్టమేమిటో చెప్పే మరో ఉదంతం ఉంది. గగారిన్ యాత్రకు సరిగ్గా 20 రోజుల ముందు, 1961 మార్చి 23న, వలెంతీన్ బొందరెంకో అనే 24 ఏళ్ళ శిక్షణార్థి ఆమ్లజని అధికంగా ఉన్న గదిలో ఏకాంత పరీక్షలో ఉన్నాడు. ఒంటికి అంటించిన పరికరాలు తీసేసి, ఆల్కహాలుతో తుడుచుకున్న దూదిని విసిరితే అది వేడి పొయ్యి మీద పడింది. గది భగ్గుమంది. కొన్ని గంటల్లో ఆయన మరణించాడు. ఈ సంగతి 1986 దాకా బయటకు రానివ్వలేదు. 1967 జనవరి 27న అమెరికాలో అపోలో-1 నౌక నేల మీద పరీక్షలో ఉండగా, శుద్ధ ఆమ్లజని నింపిన ఆ గదిలో నిప్పు రాజుకుంది. తలుపు లోపలికి తెరుచుకునేది, పైగా లోపలి పీడనం దాన్ని బిగించి పట్టింది. గ్రిసమ్, వైట్, చాఫీ ముగ్గురూ మరణించారు. బొందరెంకో గురించి తెలిసి ఉంటే ఈ ముగ్గురూ బతికేవారని ఎవరూ రూఢిగా చెప్పలేరు. ఆమ్లజనిలో నిప్పు ప్రమాదం అమెరికావారికి బొత్తిగా తెలియనిదీ కాదు. కానీ ఒకరి మరణం మరొకరికి హెచ్చరిక కాగల అవకాశాన్ని దాపరికం మింగేసిందన్నది మాత్రం కాదనలేని సంగతి. ఆ తరువాత అమెరికావారు తలుపు బయటికి క్షణాల్లో తెరుచుకునేలా మార్చారు, నేల మీద ఉండగా గదిలో నత్రజని కలిపారు. విచారణ బహిరంగంగా జరిగింది. రెండు దుర్ఘటనలనూ పక్కపక్కన పెట్టి చెబితే, పన్నెండేళ్ళ పిల్లకు విజ్ఞానశాస్త్రం అంటే ఏమిటో వంద నిర్వచనాలకన్నా బాగా తెలుస్తుంది.

మహిళల సంగతికి వద్దాం. తెరిష్కోవా నేతమిల్లులో పనిచేసిన యువతి, పారాచూట్‌తో దూకడం నేర్చినది. 1963 జూన్ 16న బయలుదేరి దాదాపు మూడు రోజుల్లో భూమిని 48 సార్లు చుట్టింది. దిగవలసిన సమయంలో నౌకను కిందికి కాక ఇంకా పైకి తీసుకుపోయేలా దాని దిశాలెక్క తప్పి ఉందని పసిగట్టి చెప్పింది ఆమే. నేల నుంచి సవరణ పంపారు. ఆ తప్పు గురించి పెదవి విప్పవద్దన్నారు. ఆమె దశాబ్దాలపాటు విప్పలేదు. ఈలోగా, ఆమె యాత్ర అంత బాగా సాగలేదన్న మాట ప్రచారంలో ఉండిపోయింది! ఆమె తరువాత మరో మహిళ అంతరిక్షంలోకి వెళ్ళింది 1982లో. అంటే 19 ఏళ్ళకు. అటు అమెరికాలో, పురుష వ్యోమగాములకు జరిపిన వైద్యపరీక్షలే 13 మంది మహిళలు నెగ్గినా, జెట్ పరీక్షా పైలట్లయి ఉండాలన్న నిబంధనతో వాకిలి మూసేశారు. ఆ ఉద్యోగాల్లో అప్పట్లో మహిళలను చేర్చుకునేవారే కాదు. 'మొదటి మహిళ - తెరిష్కోవా' అని రాయించి ఊరుకుంటే, ఆడపిల్లకు ద్వారం తెరుచుకుందన్న భ్రమ మిగులుతుంది. ఆ తరువాతి 19 ఏళ్ళు ఆమెకు ఎవరు చెప్పాలి?

ఇక శాస్త్రం. 'అంతరిక్షంలో గురుత్వాకర్షణ ఉండదు, అందుకే వ్యోమగాములు తేలతారు' అన్న వాక్యం ఇంకా ఎన్ని పుస్తకాల్లో, ఎంతమంది నోట వినబడుతుందో! 300 కిలోమీటర్ల ఎత్తున కూడా భూమి లాగుడు నేలమీద ఉన్నదానిలో నూటికి 91 వంతులు ఉంటుంది. మరి తేలడమెందుకు? ఆ నౌక క్షణానికి సుమారు 7.7 కిలోమీటర్లు ముందుకు పోతూ, అదే క్షణంలో సుమారు నాలుగున్నర మీటర్లు కిందికి పడుతుంది. గుండ్రటి భూమి కూడా ఆ దూరంలో సరిగ్గా అంతే వంగిపోతుంది. పడుతూనే ఉంటుంది, నేల మాత్రం అందదు. నౌకా, మనిషీ, చేతిలోని కలమూ అన్నీ కలిసి పడుతుంటే ఒకదానికొకటి బరువు తెలియదు. నూతిలో పడిపోతున్న బిందెలో నీళ్ళకు బిందె బరువేమిటి? ఇంత సుందరమైన భావాన్ని, ఏడో తరగతి లెక్కలతో తేల్చి చూపగలిగినదాన్ని, ఒక తప్పుడు వాక్యంతో సరిపెట్టడం పిల్లలకు చేస్తున్న ద్రోహం కాదా?

నా మాటకు రాగల అభ్యంతరాలు నాకు తెలియకపోలేదు.

మొదటిది: "పిల్లలకు చావులూ అబద్ధాలూ ఎందుకండీ, లేత మనసులు." పురాణాల్లో అభిమన్యుడి చావు చెప్పడానికి వెనుకాడని జాతి మనది. పద్మవ్యూహం లోపలికి వెళ్ళడం తెలిసి బయటికి రావడం తెలియని కుర్రవాడి కథ అమ్మమ్మలు అన్నం ముద్దలతోపాటు తినిపించారు. 1957 నవంబరు 3న స్పుత్నిక్-2లో పంపిన లైకా అనే కుక్క కథనే తీసుకోండి. తిరిగివచ్చే ఏర్పాటే లేని నౌక అది. కొన్నాళ్ళు బతికిందని చాలాకాలం నమ్మించారు. వేడికి తాళలేక కొన్ని గంటల్లోనే చనిపోయిందని 2002లో బయటపడింది. ఆ కుక్కలకు శిక్షణనిచ్చిన శాస్త్రవేత్తల్లో ఒకరైన ఒలేగ్ గజెంకో, ఆ ప్రయోగం వల్ల నేర్చుకున్నది దాని చావుకు తగినంత కాదని ముసలితనంలో బాధపడ్డాడు. ఇది విన్న పిల్ల ఏడుస్తుంది. ఏడవనీయండి. ఆ తరువాత అడుగుతుంది: "మరి ఎందుకు పంపారు?" ఆ ప్రశ్న కోసమే కదా బడి.

రెండవది: "ఇలాంటివి చెబితే దేశాభిమానం, ఘనకీర్తి ఏమవుతాయి?" రాకేశ్ శర్మ పేరు చెబితే మనకు గుర్తొచ్చేది ఒక్కటే. పైనుంచి భారతదేశం ఎలా కనిపిస్తోందని ప్రధాని అడిగితే ఇక్బాల్ గీతంతో ఇచ్చిన జవాబు. గొప్ప జవాబే. కానీ ఆయన హైదరాబాదులో పెరిగి నిజాం కళాశాలలో చదువుకున్నాడని మన పిల్లల్లో ఎందరికి తెలుసు? 1984 ఏప్రిల్ 3న బయలుదేరి దాదాపు ఎనిమిది రోజులు ఆయన సల్యూత్-7లో ఏం చేశాడని అడగండి. మన భూభాగాన్ని ఫొటోలు తీయడం, భారరహిత స్థితిలో శరీరంపై యోగాభ్యాసం ప్రభావాన్ని పరిశీలించడం వంటి పనులు ఎవరికీ గుర్తుండవు. ఒక మనిషి ఎనిమిది రోజుల శ్రమను ఒక్క వాక్యానికి కుదించడం అభిమానమెలా అవుతుంది?

మూడవది, కొంచెం బరువైనది: "లోపాలన్నీ చెబితే పిల్లలకు నమ్మకమే పోతుంది." జరుగుతున్నది దీనికి సరిగ్గా తలకిందులు. చంద్రుడిపై మనిషి దిగనేలేదని, అంతా స్టూడియో నాటకమని వాట్సాప్‌లో సందేశం వస్తే, చదువుకున్న ఇంజనీరు కూడా 'ఏమో, నిజమేనేమో' అంటున్నాడు. ఎందుకంటే అతనికి తెలిసినది ఒక పేరు, ఒక తేదీ మాత్రమే. అది వట్టి పుకారును కూడా ఎదుర్కోలేదు. అదే అతనికి చిన్నప్పుడు ఎవరైనా అపోలో-11 దిగిన తీరు చెప్పి ఉంటే? దిగుతుండగా కంప్యూటరు 1202 అనే హెచ్చరిక చూపింది. పని ఎక్కువై, ముఖ్యం కాని పనులను వదిలేస్తున్నానని దాని అర్థం. దిగవచ్చా, వెనుదిరగాలా? క్షణాల్లో తేల్చవలసినవారు నేలమీద ఉన్న ఇద్దరు కుర్రవాళ్ళు, 26 ఏళ్ళ స్టీవ్ బేల్స్, 24 ఏళ్ళ జాక్ గార్మన్. వాళ్ళకు జవాబు తెలిసి ఉండటానికి కారణం, కొద్దిరోజుల ముందు జరిగిన అభ్యాసంలో ఇలాంటి హెచ్చరికే వస్తే బేల్స్ అనవసరంగా యాత్ర రద్దు చేయించడం. ఆ తప్పు తరువాత అన్ని హెచ్చరికలకూ చేత్తో పట్టిక రాసుకున్నారు. అభ్యాసంలో చేసిన తప్పు చంద్రుడి దగ్గర కాపాడింది! ఒక్క మార్కు పోతే కుంగిపోయే మన పిల్లలకు ఇంతకన్నా అవసరమైన పాఠం ఏముంది? ఈ కథ తెలిసినవాణ్ణి 'స్టూడియో నాటకం' అన్న మాట కదిలించలేదు. అక్కడ ఉంచివచ్చిన అద్దాల నుంచి లేజరు కిరణాలు ఇప్పటికీ తిరిగివస్తాయని, ఆరు యాత్రల్లో తెచ్చిన 382 కిలోల రాళ్ళూ మట్టీ ఉన్నాయని కూడా తెలిస్తే సరేసరి.

నాలుగవది: "సిలబస్‌లో సమయమేదీ?" పది పేర్లు బట్టీ పట్టించే సమయంలో ఒక్క యాత్రను కథగా చెప్పవచ్చు. ప్రతి యాత్రకూ నాలుగు ప్రశ్నలు చాలు. ఎలా పైకి వెళ్ళారు? ఎలా కిందికి వచ్చారు? ఏది చెడిపోయింది, ఎవరు సరిచేశారు? ఎవరి పేరు పుస్తకంలో లేదు? ఈ నాలుగో ప్రశ్నకు జవాబు వెతికిన పిల్లకు కొరొలేవ్ కనబడతాడు. జాన్ గ్లెన్ 1962లో బయలుదేరేముందు యంత్రం వేసిన లెక్కలను ఎవరి చేత సరిచూడమన్నాడో, ఆ కేథరిన్ జాన్సన్ అనే నల్లజాతి గణితవేత్త కనబడుతుంది.

ఇది మనకు దూరపు సంగతి కాదు. గగన్‌యాన్ కోసం 2024లో నలుగురి పేర్లు ప్రకటించారు. వారిని మోసుకుపోయే రాకెట్టు లేవవలసింది మన శ్రీహరికోట నుంచే. ప్రమాదంలో వ్యోమగాములను రక్షించే వ్యవస్థను పరీక్షించడానికి 2023 అక్టోబరు 21న అక్కడ ఒక చిన్న రాకెట్టును సిద్ధం చేస్తే, ఎగరడానికి 5 క్షణాల ముందు కంప్యూటరు దాన్ని ఆపేసింది. కారణం కనిపెట్టి, అదే ఉదయం 10 గంటలకు ఎగరేశారు. ఆ ఆగిపోవడాన్ని చూసి పెదవి విరిచిన పెద్దలు లేకపోలేదు. ఆపగలగడం కూడా విజయమేనని వాళ్ళకు చిన్నప్పుడు ఎవరూ చెప్పి ఉండరు.

తెలుగులో ఈ పని చేయగల సంప్రదాయం మనకు లేదనడానికి వీల్లేదు. మహీధర నళినీమోహన్ శాస్త్రాన్ని కథలుగా చెప్పారు. వేమూరి వేంకటేశ్వరరావు గారు తెలుగులో శాస్త్రం రాయవచ్చని రాసి చూపించారు. కొడవటిగంటి రోహిణీప్రసాద్ 2012లో కన్నుమూసేదాకా, మనం చదివే ఈ తెరల మీదే ఓపికగా రాశారు. మాస్కో నుంచి చవకగా వచ్చిన తెలుగు పుస్తకాలు ఒక తరానికి గగారిన్‌ను ఇంటి మనిషిని చేశాయి. వాటిలో లేని బొందరెంకోను, కొలీమాను ఇప్పుడు చేర్చవలసింది మనమే.

కవిత్వం మీద వందల వ్యాఖ్యలతో వాదించుకోగల మనలో ప్రతి ఒక్కరూ ఒక్కొక్క యాత్రను ఎంచుకుని, పదేళ్ళ పిల్ల చదివేలా, నింగితోపాటు నేలనూ కలిపి రాస్తే ఏడాదిలో ఒక పుస్తకమవుతుంది. నేను వస్ఖోద్-2 తీసుకుంటున్నాను. మంచు అడవిలో ఆ రెండు రాత్రులు నావి. కొమరోవ్‌ను ఎవరు రాస్తారు?